వెనుతిరగని గురువులు

ఆ రోజు నాదగిరి గురునిలయంలో పెద్ద గురువు శంఖపాలుడు ఉన్నాడు. ఆయన కుడిపక్కన ఎప్పుడూ కూర్చునే కంఠీరవుడు ఉన్నాడు. స్వరం నేర్పే మంజీరాదేవి ఉంది. వంటింట్లో ముదిగౌరి ఉంది. శిష్యుల్లో మిగిలింది పొన్నిక ఒక్కతే. రాజ్యమంతా రాతిమంచు కమ్ముకుంటుంటే కొండ మీద చదువులెందుకని అసలు పాట ఇంకా మొదలుపెట్టని మిగతా పిల్లలను ఎవరి తల్లిదండ్రులు వాళ్లు వచ్చి తీసుకుపోయారు. అంటే మొత్తం అయిదుగురు. అయినా ముదిగౌరి ఆ పొద్దున ఆరుగురికి సరిపడా బియ్యం కడిగింది. రోజూ అంతే కడుగుతుంది. ఆరో విస్తరి ఎవరికని పొన్నిక ఒకసారి అడిగితే, తినేవాళ్లకేనని గరిటె ఝుళిపించి పంపేసింది.

నాదగిరి మామూలు కొండ కాదు. నీలిమబ్బుల మధ్య ఒంటరిగా నిలబెట్టిన పిల్లనగ్రోవిలా ఉంటుంది. పాదం నుంచి శిఖరం దాకా బొరియలే. తూర్పుగాలి వీస్తే సన్నగా, పడమటిగాలి వీస్తే గంభీరంగా, వానకు ముందు గుక్కపట్టి ఏడ్చినట్టు మోగుతుంది. దాని నడుముకు వెండి మొలతాడు కట్టినట్టు ఒక జలపాతం. శిఖరం మీద తేనెరంగు రాతితో కట్టిన గురునిలయం. దాని కిటికీల్లో కూర్చుంటే గద్దల వీపులు కిందుగా కనబడతాయి. ఇంత అందమైన చోట నవ్వు వినబడేది వంటింట్లో మాత్రమే.

ఆ గురునిలయంలో ఒక నియమం ఉంది. గురువులు శిష్యుల మొహం చూడరు. పూర్వం ఒక గురువు ఏడుస్తున్న శిష్యుడి మొహం చూసి జాలిపడి, విద్య సగమే వచ్చినా పూర్తయిందని పంపేశాడట. ఆ శిష్యుడు ఊళ్లో నిలబడి సగం వచ్చిన పాట పాడితే కరగవలసిన బండ కరగలేదు, పక్కనున్న కొండ విరిగి ఊరి మీద పడింది. అప్పటినుంచి పాఠమైనా పరీక్షైనా గురువులు లోయవైపు తిరిగి కూర్చుంటారు. శిష్యులు వెనక కూర్చుని ఆ వీపులకు అప్పజెబుతారు. బాటల్లో ఎదురైతే శిష్యులు ముసుగు దించుకోవాలి. అందుకే పొన్నిక వచ్చి ఇన్నాళ్లయినా ఆమె మొహం ఎలా ఉంటుందో ముగ్గురు గురువుల్లో ఒక్కరికీ తెలియదు. గొంతు ఒక్కటే తెలుసు.

"వాళ్లు నీ మొహం చూడకపోతే పోయారు. వాళ్ల మొహాలు నువ్వు చూడలేదు, అది నీ అదృష్టం. కంఠీరవుడి మొహం చూశావంటే పడవెక్కి మీ రేవుకు పారిపోతావే" అనేది ముదిగౌరి.

మీ రేవు అన్న మాట వినగానే పొన్నిక విస్తరి పక్కకు నెట్టేసేది. ఆమెది నది ఒడ్డున సొరచేప రేవు. పడవలు నడిపే కుటుంబం. మాంత్రికుడు కాలజంఘుడు వదిలిన రాతిమంచు మొదట ఆ నది మీదికే పాకింది. మంచు తాకినవాళ్లు పాదాల నుంచి రాయవుతూ వస్తారు. పొన్నిక అన్న కొమరయ్య ఆ రోజు పడవనిండా ఉన్న జనాన్ని ఒడ్డుకు చేర్చాడు. చివరగా తాను దిగబోతే కాళ్లు కదల్లేదు. ఒక్కో అమావాస్యకు రాయి పైకి ఎక్కుతూ వచ్చింది. మోకాళ్లు, నడుము, గుండెలు. రాబోయే అమావాస్యకు గొంతు. అది దాటితే ఇక మనిషి లేడు, బొమ్మే.

ఆ రాతిని కరిగించే పాట ఈ లోకంలో ఒక్క నాదగిరిలోనే ఉంది. దాని పేరు ద్రవగీతి. దానికి మూడు మలుపులు. ఒక మలుపు పరీక్షలో నెగ్గితేనే తర్వాతి మలుపు నేర్పుతారు. పొన్నిక మొదటి మలుపు నేర్చుకుంది. తెల్లవారుజామున కొండకొమ్ము మీద నిలబడి పాడితే గూళ్లలో పక్షులు మేలుకుని వినేవి. అలాంటి పిల్ల పరీక్షలో కూర్చుంటే తప్పు. మళ్లీ కూర్చుంటే మళ్లీ తప్పు.

అసలు జరిగేది వేరు. పరీక్షపీట మీద కూర్చుని నోరు తెరవగానే ఆమె గొంతు మాయమయ్యేది. పెదవులు ఆడేవి, శబ్దం ఉండేది కాదు. ఆ క్షణంలోనే పీట కింది నుంచి, సరిగ్గా ఆమె ఒడిలో నుంచి వచ్చినట్టు, ఆమె గొంతే పాట ఎత్తుకునేది. ఎత్తుకుని, ఎక్కడో ఒకచోట విరిచేది. గురువుల వీపులు కదిలేవి కావు. పరీక్ష ముగిశాక గొంతు తిరిగొచ్చేది. అప్పుడు ఆమె మంజీరాదేవితో చెప్పుకుంది. పాడింది తాను కాదని, కావాలంటే ఒక్కసారి తనవైపు తిరిగి చూడమని బతిమాలింది. మంజీరాదేవి వీపు అవతలి నుంచే మెత్తగా ఓదార్చింది. తప్పినవాళ్లంతా అదే మాట అంటారని, తానూ చిన్నప్పుడు అన్నానని చెప్పింది. తిరిగి మాత్రం చూడలేదు.

ఆ మధ్యాహ్నం ముగ్గురు గురువులూ పొన్నిక చదువు సంగతి తేల్చడానికి పరీక్షపీట ఉన్న కొలువుగదిలోనే కూర్చున్నారు. ఆమెను పక్కగదిలో ఉండమన్నారు. మధ్యన ఉన్నది పలుచని చెక్కగోడ. చెవి ఆనించనక్కర్లేదు. అయినా ఆమె ఆనించింది.

ముందు మంజీరాదేవి మాట్లాడింది. పిల్ల సోమరి కాదంది. సాధనలో నేతి ధారలా సాగే గొంతు పరీక్షలో ముక్కలవుతోందని, భయమే దానికి శత్రువని, ఇంకొంత గడువిస్తే కుదురుకుంటుందని చెప్పింది. శంఖపాలుడు దగ్గి, గడువు ఎక్కడినుంచి తెమ్మంటావని అడిగాడు. రాజుగారి మనుషులు కొండ దిగువన కాచుకుని ఉన్నారని, రాతిమంచు కోటగోడలు తాకిందని, పాట పూర్తిగా వచ్చినవాళ్లను పంపలేకపోతే ఈ కొండ ఉన్నా లేకపోయినా ఒకటేనని అన్నాడు. పాట సగం వచ్చిన పిల్లను బయటికి వదిలే ప్రసక్తే లేదన్నాడు. ఆ తర్వాత కంఠీరవుడి వంతు వచ్చింది.

కంఠీరవుడంటే పొన్నికకు హడలు. ఆయన గొంతు రంపంతో కొయ్యను కోసినట్టుంటుంది. పాఠం అప్పజెబుతూ ఆమె వేలిమెటికతో నేలమీద కొడుతుంటే ఆయనకు మండిపోయేది. ఇదేమన్నా పడవనుకున్నావా పడవమ్మా అని ఎద్దేవా చేసేవాడు. మంచులో ఒకరికొకరు కనబడని వేళ పడవవాళ్లు పడవ అంచు మీద అలా తడతారని, రెండు గట్టి దెబ్బలు ఒక మెత్తని దెబ్బ కొడితే నేనిక్కడున్నాను, నన్ను గుద్దకు అని అర్థమని, చిన్నప్పటినుంచీ చేతికి అలవాటైపోయిందని ఆమె చెప్పింది. ఆయన హుమ్మని ఊరుకున్నాడు. ఇప్పుడు ఆయన ఏమంటాడోనని ఆమె గోడకు అతుక్కుపోయింది.

కంఠీరవుడు అన్నాడు. "ఆచార్యా, మొన్నటి పరీక్షలో ఈ పిల్ల మొదటి మలుపు తప్పలేదు. దాన్ని దాటిపోయి రెండో మలుపులోకి వెళ్లింది. దిగవలసిన చోట ఎక్కి, అక్కడ విరిచింది."

"తప్పు ఎక్కడైతేనేం, తప్పే కదా" అన్నాడు శంఖపాలుడు.

"రెండో మలుపు నేను దానికి ఇంకా నేర్పలేదు. నేర్పనిది తెలియకపోవాలి గానీ తప్పడమేమిటి? ఈ గదిలో అదే చోట ఎక్కి, అలాగే విరిచిన శిష్యురాలు ఒక్కతే. మీకూ గుర్తుంది."

ఆ పేరు ఎత్తవద్దని శంఖపాలుడు అన్నాడు. కంఠీరవుడు ఎత్తలేదు. సాయంత్రం పరీక్షకు శంఖం ఊదే లోపల తాను మౌనగుహ దాకా వెళ్లి, లోపలున్నదాన్ని ఒక మాట అడిగి వస్తానన్నాడు. శంఖపాలుడు ఒప్పుకోక తప్పలేదు. ఆ తర్వాత ఇంకో మాట చెప్పాడు.

"అడిగి రా. సాయంత్రం పరీక్షలో కూడా తప్పితే మాత్రం పొన్నిక లోపలికి వెళుతుంది. లోపలున్నది బయటికి వచ్చి మళ్లీ పీట మీద కూర్చుంటుంది. ఆ గదిలో ఒక్కరికే చోటు."

తప్పిన శిష్యులను మూసిపెడతారనే మౌనగుహ పిల్లలను బెదిరించే కథ అనుకుంది ఇన్నాళ్లూ. ఆరో విస్తరి ఎవరిదో ఇప్పుడు తెలిసింది. పరీక్షపీట కింద రాతిలో చిన్న గాలిరంధ్రం ఉందని ఆమె ఎప్పుడో గమనించింది. ఆ బోలు వల్లే గొంతు అక్కడ ఖంగుమని మోగుతుందని, అందుకే పీట అక్కడ వేశారని మంజీరాదేవి చెప్పింది. ఆ బోలు ఎక్కడికి దిగుతుందో ఎవరూ చెప్పలేదు. తన ఒడిలో నుంచి వచ్చిన పాట ఆ గుహలో నుంచి వచ్చింది. తాను తప్పితే ఎవరికి తలుపు తెరుచుకుంటుందో వాళ్లే పాడుతున్నారు.

కంఠీరవుడు దిగేది గురువుల మెట్లదారి. దాని తలుపు కొలువుగదిలో ఉంది. ఇంకో దారి జలపాతం పక్కన బయటి నుంచి దిగుతుంది, ఎవరూ నడవనిది. ఆయన వెళ్లి అడిగితే ఆ గుహలోని మనిషి నిజం చెబుతుందా? ఆ మనిషి చేతిలో ఉన్నది తన గొంతు. తన అన్న గొంతు కూడా ఆ చేతిలోనే ఉన్నట్టు. ముందు తాను వెళ్లి కాళ్లు పట్టుకుని అయినా సరే, ఈ ఒక్క పూటకు వదలమని అడగాలి. పొన్నిక ముసుగు నడుముకు చుట్టుకుంది. మూలనున్న వెదురుగడ తీసుకుని కిటికీలో నుంచి దిగింది.

ఆ దారిలో మొదటి ఆపద రాగిముక్కు గబ్బిలాలు. కొండ బొరియల్లో తలకిందులుగా వేలాడుతుంటాయి. వాటికి పగలు చూపుండదు, చెవులే చూపు. చప్పుడు ఎక్కడైతే అక్కడ ముక్కులతో పొడిచి ఎముక తేలుస్తాయి. పొన్నిక ఊపిరి బిగబట్టి, గడతో ముందు మెట్టును తడుముతూ దిగింది. సగం దారిలో నాచు పట్టిన మెట్టు ఒకటి కాలి కింద విరిగింది. ఆమె గడను రెండు బండల మధ్య అడ్డంగా ఇరికించి దానికి వేలాడింది. కాళ్లు గాలిలో ఊగాయి. మోగకుండా పిక్కల పైకి ఎగదోసి పెట్టిన వెండిగజ్జెలు జారి ఘల్లుమన్నాయి.

కొండ కొండంతా రెక్కలు విప్పినట్టయింది. నల్లని మేఘంలా అవి దూసుకొచ్చాయి. ఒకటి భుజం చీల్చింది, ఇంకొకటి చెవి పక్కనుంచి వెంట్రుకలు పెరుక్కుపోయింది. పొన్నిక ఒక చేత్తో గడను పట్టుకుని, రెండో చేత్తో గజ్జెలు తెంచింది. రేవులో మొదటి సంపాదనతో అన్న కొనిచ్చినవి. వాటిని లోయలోకి విసిరేసింది. అవి బండలకు కొట్టుకుంటూ, గలగలమంటూ దొర్లిపోతుంటే ఆ నల్లమేఘం వాటి వెనకే లోయలోకి కూలిపోయింది.

రెండో ఆపద నాగలతలు. గుహ ముందు అడుగడుగునా పడగల్లాంటి ఆకులతో అల్లుకుని ఉంటాయి. ఒంటి వెచ్చదనం తగిలితే చుట్టుకుని ఎముకలు నులుముతాయి. వాటి కింద పడిఉన్న జింకకొమ్ములూ పిట్టల పుర్రెలూ పూలకుప్పల్లా తెల్లగా మెరుస్తున్నాయి. పొన్నిక జలపాతం కిందికి వెళ్లి నిలబడింది. మంచుగడ్డలు కరిగిన నీళ్లు. పళ్లు కొట్టుకునేదాకా నిలబడింది, కొట్టుకోవడం మానేసేదాకా నిలబడింది. పెదవులు నీలమయ్యాక, చచ్చిన చేపలా చల్లబడ్డాక, ఆ లతల మధ్య నుంచి నడిచి వెళ్లింది. ఒక తీగ చీలమండను తడిమి, రాయనుకుని వదిలేసింది.

అక్కడుంది మౌనగుహ. దానికి తలుపు అంటే ఒక రాతిపలక. గుమ్మం పైనుంచి ఇనుపగొలుసుతో వేలాడుతుంది. పక్కనున్న చక్రం తిప్పితే లేస్తుంది. లేచాక కదలకుండా ఒక మేకు దిగేస్తారు. మేకు లాగితే పలక తన బరువుతో తానే దిగుతుంది, ఒకసారి కదిలాక ఏనుగులు పట్టినా ఆగదు. పలక అడుగున ఒక మూల విస్తరి దూరేంత కోసిన సందు. ఆ సందులో నుంచి, పొన్నిక ఏమీ అనకముందే, ఒక గొంతు వినబడింది. బలహీనంగా, ఎండుటాకుల గలగలలా.

"గజ్జెలు పారేసుకున్నావా చెల్లీ? మోత నాకూ వినబడింది."

పొన్నిక నేలమీద కూర్చుని, ఆ సందు దగ్గర నోరు పెట్టి తన అన్న సంగతంతా చెప్పింది. రాయి గుండెల దాకా వచ్చిందని, కళ్లు మాత్రం ఇంకా తనవైపే తిరుగుతాయని చెప్పింది. ఈ సాయంత్రానికి తన గొంతు తనకు వదిలితే, పాట నేర్చి, అన్నను బతికించి, తిరిగొచ్చి తానే ఈ గదిలో కూర్చుంటానని ఒట్టు పెట్టుకుంది.

లోపలి మనిషి తన పేరు శారిక అని చెప్పింది. ఒకప్పుడు ఆ పీట మీద కూర్చున్నదేనంది. పాడలేక తప్పలేదని, పాడుతుండగా వెనుతిరిగి తనవైపు చూడమని ఒక్క క్షణం ఆగి అడిగినందుకు తాళం చెడిందని, చెడిన చోట కంగారుపడి పైకి ఎక్కానని చెప్పింది. ఎవరూ చూడలేదు. తలుపు వేసేటప్పుడు కూడా వీపులే. తర్వాత ఏళ్లు గడిచాయి. ముదిగౌరి విస్తరి నెట్టి వెళ్లడమే గాని మాట్లాడదు, మాట్లాడకూడదు. ఆ మౌనంలో బండ పగుళ్లలో నుంచి ఒక పొగ వచ్చి పలకరించిందట. గొంతులు దొంగిలించడం ఆ పొగే నేర్పిందట.

ఆ పొగ కాలజంఘుడిదని పొన్నికకు చెప్పనక్కర్లేదు. లేచి దూరంగా జరిగింది. కాని శారిక ఏడుస్తోంది. "నీ గొంతు నీకిచ్చేస్తాను. పలక కొంచెం లేపి ఒకసారి నీ మొహం చూపించు. మనిషి మొహం చూసి ఎన్నాళ్లయిందో" అని అడుగుతోంది. మొహం చూడమని అడిగి అడిగి అలిసిపోయిన పొన్నికకు ఆ మాట గుండెలో గుచ్చుకుంది. నది గాలికి ఎదురుగా తెడ్లు వేసి గట్టిపడ్డ చేతులతో చక్రం తిప్పింది. పలక నడుమెత్తు లేచింది. మేకు దిగేసి, వంగి లోపలికి చూసింది.

ఎముకల చేయి ఒకటి ఆమె జుట్టు పట్టుకుని లోపలికి లాగేసింది. తల బండకు తగిలి కళ్లముందు నిప్పులు రాలాయి. ఆమె మీదుగా పాములా జారి శారిక బయటపడింది. బయట వెలుగులో నిలబడి కళ్లు చిట్లించుకుంటూ, అరచేతిని పొన్నిక గొంతువైపు చాచి పిడికిలి బిగించింది. దారం తెగినట్టయింది. పొన్నిక అరిచింది. ఏమీ వినబడలేదు.

"కోపం పెట్టుకోకు చెల్లీ. నీ గొంతుతోనే మూడు మలుపులూ నేర్చుకుని ఆయనకు అప్పగిస్తాను. మీ అన్న సంగతి కూడా నేనే చూసుకుంటాను. రాయి పగలడానికి పాటే కావాలా ఏమిటి, సుత్తి చాలదూ?" అంది శారిక. అన్నది పొన్నిక గొంతుతోనే.

అంతలో గుమ్మం పక్కనే ముగిసే గురువుల మెట్లదారిలో అడుగుల చప్పుడు. మెల్లగా, ఒక్కో మెట్టూ తడుముకుంటూ. కంఠీరవుడు దిగుతున్నాడు. గురువెవరూ మౌనగుహకు మొహం చూపరాదు కాబట్టి, గోడకు కట్టిన మోకు పట్టుకుని వెనక్కి నడుస్తూ దిగుతున్నాడు. తెల్లని ఉత్తరీయం కప్పిన వెడల్పాటి వీపు మలుపులో కనబడింది.

శారిక ఒక్క అంగలో గుమ్మం పక్కకు చేరి ఏడుపు ఎత్తుకుంది. గురువుగారూ, నేను పొన్నికను అంది. బయటి దారిన దిగి వచ్చానని, లోపలున్న దెయ్యం ఇన్నాళ్లూ తన గొంతు దోచుకుందని, మొహం చూపించమని ఏడిస్తే జాలిపడి తలుపు లేపానని, పెనుగులాడి గొంతు లాక్కుని బయటపడ్డానని చెప్పింది. జరిగినదంతా చెప్పింది. మనిషిని మాత్రం మార్చింది.

కంఠీరవుడు ఆగిపోయాడు. ఆయన వీపు పొన్నికకు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. ఆమె మోకాళ్ల మీద పాకుతూ నోరు తెరిచింది, మూసింది. ఒక్కసారి వెనక్కి చూస్తే చాలు. నీళ్లోడుతున్న బట్టలు ఎవరివో, ఏళ్ల తరబడి ఎండ తగలని చర్మం ఎవరిదో పసిపిల్లకైనా తెలుస్తుంది. ఆయన చూడలేదు. చూడకుండా తేల్చడమే ఆయన జీవితమంతా చేసిన పని.

"పొన్నికవే అయితే రెండో మలుపు పాడు" అన్నాడు.

ఆ ప్రశ్నలో ఉన్న బోను పొన్నికకు అర్థమైంది. శారిక అయితే పాడి, ఎక్కి, విరుస్తుంది. పాడు, పాడు అని ఆమె మనసు మొత్తుకుంది. శారిక పాట ఎత్తుకోలేదు. పీట కింది రంధ్రం మాటలను కిందికి కూడా దింపుతుంది. ఆ మధ్యాహ్నం కొలువులో అన్నదంతా శారిక కూడా విన్నది.

"మీరు నాకింకా నేర్పలేదు కదా గురువుగారూ" అంది పొన్నిక గొంతు, వణుకుతూ.

కంఠీరవుడి భుజాలు సడలాయి. గట్టిగా ఊపిరి వదిలాడు. తాను పైన అన్న మాట నిజమేనని, ఒక పిల్లను అన్యాయంగా రాతిలో పూడ్చబోయి ఆగామని, పద తల్లీ, ఈ సాయంత్రమే రెండో మలుపు మొదలుపెడదామని అన్నాడు. పడవమ్మా అని పిలిచాడు. ఎద్దేవాగా కాదు. ఆ పిలుపు పొన్నిక కోసమే, పొన్నిక కళ్లముందే ఇంకొకరికి అందింది.

తర్వాత ఆయన వెనక్కి చెయ్యి చాచి, గోడను తడిమి, మేకు పట్టుకున్నాడు. లాగేశాడు.

గొలుసు ఉలిక్కిపడింది. పలక కదిలింది. పొన్నిక కిందినుంచి దూరబోతే శారిక కాలితో గుండెల మీద తన్నింది. ఆమె వెల్లకిలా పడింది. లేచేసరికి సందు మూరెడే మిగిలింది. ఆమె కడుపు మీద పడుకుని, దిగుతున్న ఆ రాతి అంచు మీద మెటికలతో కొట్టింది. రెండు గట్టిగా, ఒకటి మెత్తగా. రెండు గట్టిగా, ఒకటి మెత్తగా. చర్మం చిట్లి రక్తం వచ్చినా కొట్టింది. నేనిక్కడున్నాను. నేనిక్కడున్నాను.

అటు రెండడుగులు వేసిన కంఠీరవుడి పాదాలు ఆగిపోయాయి.

రండి గురువుగారూ, అది ఊరికే గోడలు కొట్టుకుంటోంది అంది శారిక. ఆయన కదల్లేదు. మళ్లీ ఆ చప్పుడు. ఆయన పిడికిలి మోకు మీద బిగుసుకుంది. ఆ తర్వాత నాదగిరిలో ఏ గురువూ చేయని పని ఆయన చేశాడు. వెనుతిరిగాడు. మోకాళ్ల మీద కూలబడి, చెంప నేలకానించి, ఆ సందులో నుంచి చూశాడు.

పొన్నిక ఆయన మొహం చూసింది. పారిపోవలసిన మొహమేమీ కాదు. అంత కరకు గొంతుకు అంత దిగులు మొహం ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఆయన పెదవులు ఆమె పేరు పలికాయి. పది వేళ్లూ పలక కిందికి చొప్పించి పైకి ఎత్తబోయాడు. నరాలు తాళ్లలా పొంగాయి. పలక ఆగలేదు. ఆయన వెనక, చక్రం తిప్పే ఇనుపకడ్డీని ఊడబెరికి రెండు చేతులతో తలకు పైగా ఎత్తి నిలబడ్డ శారిక నీడ పొన్నికకు కనబడింది. వెనక చూసుకోండని అరవడానికి ఆమెకు గొంతు లేదు. కళ్లతోనే చూపించింది. ఆయన ఆ చూపు అందుకుని తల తిప్పబోయాడు.

కడ్డీ అంతలోనే దిగింది. ఆయన వేళ్లు జారిపోయాయి. ఆయన చేత్తో కదిల్చిన రాయి, నేలను తాకి, మూసుకుంది.